తుప్పు పట్టని పందిపిల్లలు

ఆస్పత్రి గేటుకెదురుగా టీకొట్టు బల్ల మీద ఫ్లాస్కు మామయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఇక ఎవరికీ మాట్లాడే వంతు రాదు. ల్యాబులో పనిచేసినన్నాళ్ళూ చంకలో ఫ్లాస్కుతో తిరిగినందుకు వచ్చిన పేరది. ఈ పూట మాత్రం ఆయన నోరు మూయకపోవడానికి వేరే కారణముంది. పక్కన కూతురు కూర్చుంది. డాక్టర్లు గాజు పళ్ళెంలో పెంచి ఆమె కడుపులో పెట్టిన పిండం నిలిచిందో లేదో కాసేపట్లో నర్సు ఫోన్ చేసి చెబుతుంది. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు. తను మాట ఆపితే కూతురు ఏడుస్తుందేమోనని ఆయన భయం. తనే ఏడుస్తాడేమోనని అంతకన్నా భయం.

"నాదీ ఇదే పనిరా అబ్బాయ్," అన్నాడు టీకొట్టతనితో. "కాకపోతే మావి పంది గుడ్లు. కబేళాకెళ్ళి, కోసిన పందుల అండాశయాలు గోరువెచ్చని ఉప్పునీళ్ళ ఫ్లాస్కులో వేసుకుని, చల్లారకుండా పరిగెత్తుకొచ్చేవాణ్ణి..."

మధ్యలో కూతురి ఫోను మోగింది. ఆయన మాట ఆపేశాడు. ఆమె పక్కకెళ్ళి మాట్లాడి వచ్చి కూర్చుంది.

"మీ అల్లుడే నాన్నా. నువ్వు చెప్పు."

హమ్మయ్య అనుకుని ఆయన మళ్ళీ అందుకున్నాడు. "ఆ అండాశయాల్లోంచి గుడ్లు తీసి, పోషకాల నీళ్ళలో పక్వానికి తేవాలి. అప్పుడుగానీ ఫలదీకరణ కుదరదు. ఎంత చేసినా సగానికి సగం పాడే! మా ల్యాబు సారు తల పట్టుక్కూర్చుంటే నేనే అన్నాను, కాస్త జింకు కలుపుదాం సార్ అని. కలిపాం. తెల్లారి చూద్దుం కదా, గుడ్లన్నీ నిగనిగలాడుతున్నాయి!"

"జింకంటే... ఇనప రేకులకి తుప్పు పట్టకుండా పూస్తారే, అదా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న అంబులెన్సు డ్రైవరు.

"అదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతటితో ఊరుకునే రకమా నేను? సెలీనియమని ఇంకో ఖనిజం, అది కూడా కాస్త తగిలించాను. ఇంకేముంది, గుడ్లు ఉబ్బడం మొదలెట్టాయి. ఆవగింజంత, శనగగింజంత, నిమ్మకాయంత! గుడ్లు పెట్టిన వెచ్చటి పెట్టె తలుపుని లోపల్నుంచి దబదబా బాదుతున్నాయి. సారు హడలిపోయి బల్లెక్కాడు!"

"కొయ్యి మామయ్యా, కొయ్యి," అన్నాడు టీకొట్టతను వడపోస్తూ.

"కళ్ళారా చూసినవాణ్ణిరా! తలుపు తీస్తే ఒకటా రెండా, నలభై పిల్లలు! బయట జోరున వాన. నా పిల్లలు దర్జాగా తడుస్తూ వీధిలోకి నడిచాయి. జింకు తిన్న ఒళ్ళు కదా, ఒక్కదానికీ తుప్పు పట్టలేదు. రాయి తగిలితే ఖంగుమనేవి. ఒకదాన్ని రైలు గుద్దింది చూడూ..."

"అయ్యో, చచ్చిందా?"

"దానికేం, శుభ్రంగా ఉంది. రైలే సొట్టపోయింది!"

డ్రైవరు పగలబడి నవ్వాడు. కూతురూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది.

"నాన్నా, వాటి తల్లేది?" అంది కూతురు.

"ఏంటమ్మా?"

"నలభై పిల్లలన్నావుగా. పాలెవరిచ్చారు? మీ ల్యాబులో ఒక్క పందైనా ఉండేదా?"

ఆయన చేతిలోని టీగ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టాడు. ల్యాబులో పంది ఎక్కడిది? గుడ్లు ల్యాబుకి చేరేసరికే వాటి తల్లులు చచ్చిపోయి ఉండేవి. ఏ ఖనిజం కలిపినా, ఎంత బాగా ఎదిగినా, వారం తిరిగేసరికి ఆ పిండాలకి రంగేసి, కణాలు లెక్కపెట్టి పారేసేవాళ్ళు. ఆ పళ్ళేలు కడిగింది ఈయనే. చిన్నప్పుడు ఆ ల్యాబుకే ఆయనకి అన్నం క్యారేజీ తెచ్చిన కూతురు అది తెలియక అడిగింది కాదు.

"లేదమ్మా," అన్నాడు చివరికి. "ఒక్కటి కూడా పుట్టలేదు. అయినా దానికీ నీకూ పోలికేంటి? నీకు నిలుస్తుంది. నర్సు ఫోన్ చెయ్యనీ..."

"చేసింది నాన్నా."

"ఎప్పుడు?"

"నువ్వు కథలో కబేళా నుంచి వస్తున్నప్పుడే. ఈసారీ నిలవలేదు."

టీకొట్టతను స్టవ్వు తగ్గించాడు.

"మరి ఇంతసేపూ నన్నెందుకు వాగనిచ్చావే తల్లీ?"

"పిల్లలు పుట్టేదాకా విందామనిపించింది."

ఆయనకి ఏడుపాగలేదు. భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, చల్లారిన టీగ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"రైలు సొట్టపోయిందిగా నాన్నా, ఆ తర్వాత ఏమైంది?"