రెండు సీసాల నీళ్ళు

స్కానింగ్ డాక్టరమ్మ ముందు ఆ తండ్రి మూడేళ్ళ కొడుకును చంకనేసుకుని నిలబడ్డాడు. పిల్లాడి వృషణం చుట్టూ నీరు చేరిందని ఆర్నెల్ల కిందట చెప్పింది ఆవిడే.

“స్కాన్ అయిపోయింది, కూర్చోండి.”

“కూర్చోలేనండీ. ఆపరేషనా, కాదా? ముందు అది చెప్పండి.”

“చెప్తాను. ఎందుకలా గెంతుతున్నారు?”

“స్కానంటే కడుపునిండా నీళ్ళు తాగి ఆపుకోవాలి కదండీ!”

“అది పొట్ట స్కానుకి. దీనికి అక్కర్లేదు. అయినా స్కాన్ పిల్లాడికైతే మీరెందుకు తాగారు?”

“వాడు రెండు గుక్కలు తాగి మూతి తిప్పేశాడు. ఇలా తాగాలి నాన్నా అని తాగి చూపించానండీ.”

“ఎంత చూపించారేమిటి?”

“రెండు సీసాలు. గంటన్నర నుంచి ఉగ్గబట్టుకుని ఉన్నా.”

“అయ్యో రామా! సరే, వినండి. వృషణం చక్కగా ఉంది, రక్తం బాగా ఆడుతోంది. చుట్టూ ఉన్న నీరు దానంతటదే పోయింది. ఆపరేషన్ అవసరం... ఏవండీ! పిల్లాణ్ణి నా ఒళ్ళో పడేసి ఎక్కడికి?”

తలుపు ధడేల్మంది. కాసేపటికి అతను తేలిక పడ్డ మొహంతో తిరిగొచ్చాడు.

“హమ్మయ్య! ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ. ‘సరే, వినండి’ తర్వాత ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.”

“మీవాడు బాగున్నాడు. ఆపరేషన్ లేదు.”

అతను నవ్వబోయి, కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ అడిగి, మళ్ళీ చెప్పించుకున్నాడు. కొడుకును ఎత్తుకుని, ముద్దు పెట్టి, ఖాళీ సీసాలు రెండూ సంచిలో వేసుకున్నాడు.

అప్పుడు పిల్లాడు నోరు విప్పాడు.

“నాన్నా, దాహం.”