గీత ముందర నిలబడిన హనుమక్క

హనుమక్క ఉండ్య కదా, గొర్రెల హనుమక్క, ఆమె ఒకచోట కూర్చునే మనిషి కాదు. అన్నం తినేటప్పుడు గూడా గిన్నె చేతిలో పట్టుకోని వాకిట్లో తిరుగుతానే తినేది. అట్లాంటామెకు ఏమైందంటే, గుట్ట మింద గొర్రెపిల్లొకటి బండల సందులో ఇరుక్కుంటే దాన్ని తీయబోయి జారి పడె. కుడికాలు ఇరిగె. కట్టు కట్టిచ్చుకోని మూడు నెలలు మంచంలో పండుకోవాల్సొచ్చె. పండుకుందా? యాడ పండుకుంటాది! మంచం నులకంతా గిల్లి గిల్లి తెంపినాదంట. గుట్టపక్క చూసేది, ఉస్సురనేది, మళ్ళా చూసేది. కట్టు ఇప్పిన రోజునుంచీ ఇంగ కాలుగాలిన పిల్లే అనుకో, ఊరంతా తిరగబట్టె. సుంకమ్మా, నువ్వు నవ్వొద్దు. నిన్ను మూడు నెలలు కట్టేసింటే తెలుస్తాది.

మొగుడు పోయినాక మంద ఆమెకూ మరిది మద్దిలేటికీ ఉమ్మడి. నూటిరవై గొర్రెలు. మద్దిలేటి చెడ్డోడని నేననను, నోరే మంచిది కాదు. వాడేమన్నాడంటే, వొదినా, నీ కాలింగ మందెంబడి నిలవదు, నా ఒక్కనితో అయ్యే పని గాదు, సంతకు తోలేద్దాం అన్నాడంట. ఆమెకు పైపానం పైన్నే పోయె. "నిలవదని నీకెవురు చెప్పిరి రా? నా కాలొచ్చి చెప్పెనా నీకు?" అనె. వాడు నిలవదంటాడు, ఈమె నిలుస్తాదంటాది, నిలవదు, నిలుస్తాది, పొద్దన లేస్తే ఇదే రచ్చ. ఆ రచ్చ మధ్యలోకి ఇస్కూలు డ్రిల్లు సారొచ్చి, వొచ్చే నెల టవున్లో హాఫ్ మారథాన్ అని ఉరికే పందెం పెడతాండారు హనుమక్కా, ఇరవైయొక్క కిలోమీటరు, పొద్దన్నే ఆరుకు ఇడుస్తారు, తొమ్మిది కొట్టేలోపల గీత దాటినోళ్ళ మెడలో బిళ్ళ యేస్తారు, కాలు సంగతి ఆడ తేల్చుకోరాదా అన్నాడంట. సారు తమాషాకన్నాడు. ఈమె తమాషాకు తీసుకోలా. ఇరవైయొకటంటే మన లెక్కలో రెండామడలకు కొంచెం తక్కువ. మద్దిలేటి పకపకా నవ్వి, "సరే వొదినా, తొమ్మిదిలోపల నువ్వు గీత దాటితే నేను మంద జోలికి రాను. దాటకపోతే మర్నాడు సోమారం, దొడ్డి ముందరికి లారీ వొస్తాది. మాటేనా?" అన్నాడు. "మాటే," అనె ఈమె. ఊరంతా ఇనింది.

ఆ నెలంతా ఇంగ చూడల్ల! తెల్లారకముందే లేచేది, కొంగు బిగిచ్చేది, గుట్టదాకా ఉరికేది, వొచ్చేది, నీళ్ళు తాగేది, మళ్ళా ఉరికేది. మొదట్లో కాలు వాచిపోయి కుంటేది. నేనే ఆముదం రాసినా. "యెందుకే నీకీ పీడ, ఇంట్లో కూర్చోని తినరాదా?" అంటి. "కూర్చుంటే నేను చచ్చిపోతా పిన్నీ," అనె. ఉత్తగా అన్లేదు, కండ్లలో నీళ్ళు పెట్టుకోని అనె. గొర్రెలు లేకపోతే ఆమె యాడ తిరగల్ల, యెవురెంబడి తిరగల్ల? అప్పటినుంచి నోర్మూసుకోని ఆముదం రాసినా.

ఆదివారం రానే వొచ్చె. మేం పదిమందిమి ఆటోలో పోయినాం, మద్దిలేటి గూడా వొచ్చినాడు, గెలుపు కండ్లారా చూద్దామని. ఆడ జనం చూడల్ల నాయనా, వెయ్యిమంది పైన్నే ఉంటారు! రంగురంగుల బూట్లు, చేతికి గడియారాలు. మన హనుమక్క చీర మిందనే వాళ్ళిచ్చిన బనీను తొడుక్కోని, రొమ్ముకు నంబరు చీటీ పెట్టుకోని, వొట్టికాళ్ళతో నిలబడె. అందురూ ముందుకు తోసుకోని పోతాంటే ఈమె ఏం జేసె? యెనక్కి యెనక్కి పోయి అందరికన్నా యెనక నిలబడె. డ్రిల్లు సారు తల కొట్టుకున్నాడు. ముందుకు పో హనుమక్కా, ముందుకు పో అని అరుస్తాడు. ఆమె పోతాదా? ముందు పోయేది పొట్టేలు, యెనకొచ్చేది కాపరి. పుట్టినప్పటినుంచీ మంద యెనకాల నడిచినామె, ముందు ఉరకమంటే కాళ్ళెట్ల వొస్తాయి!

పిస్తోలు పేల్చినారు, ఉరికినారు. ముందరోళ్ళు గాలి మాదిరి పోయిరి, వాళ్ళ సంగతి మనకొద్దు. పదమూడు మంది యెనకబడి ఈమె ముందర మిగిలిరి. యెవురో ఆయాసమొచ్చి నిలబడితే, "హేయ్, హేయ్, డుర్ర్ర్" అని అదిలిస్తాదంట. బ్యాంకులో పన్జేసే పొట్టాయనొకడు రోడ్డు పక్కన కూలబడితే, లేయ్ నాయనా, కూర్చుంటే నరాలు బిగుసుకుంటాయి అని రెక్క పట్టి లేపిందంట. అమ్మా నువ్వు పో, నన్నొదిలేయ్ అని ఆయన మొత్తుకుంటాడు. ఇంటేనా? ఇట్ల ఒకన్ని లేపుతా, ఒకన్ని తోస్తా, పదమూడు మందినీ తోలుకుంటా వొస్తాందంట. ఈ సంగతంతా యెనకొచ్చిన సైకిలు పిల్లోళ్ళు మాకు చెప్పిరి.

గీత కాడ మేం నిలబడి చూస్తాండాం. పెద్ద గడియారం. తొమ్మిదికి ఇంగా ఆరు నిమిషాలుండాది. దూరంగా చీర కనపడె! నేను కేకేసినా, గొంతు పోయిందనుకో. ఆమె ముందర పదకొండు మంది గీత దాటిరి. ఈమె వొచ్చె, వొచ్చె, గీతకు ఒక్కడుగు దూరంలో టక్కన ఆగె. ఆగి, పక్కకు జరిగి, చేత్తో తలకాయలు లెక్కబెట్టబట్టె! కాపరోళ్ళ పద్ధతి మీకు తెల్దా? మందను దొడ్డికి తోలుకొచ్చినాక కాపరి వాకిట్లో నిలబడి లెక్కబెట్టల్ల. ఆఖరు గొర్రె లోపలికి పోయినాకనే కాపరి పోవల్ల. ఒక్కటి తక్కువైనా, వానొచ్చినా పిడుగొచ్చినా కాపరి బైటనే. "ఇద్దురు తక్కువొచ్చినారు," అంటాది! "దాటవే! నీ పుణ్యముంటాది, దాటవే!" అని నేను అరుస్తాండా. డ్రిల్లు సారైతే దండం పెడతాండాడు. ఆమె ఒకసారి గడియారం పక్క చూస్తాది, ఒకసారి రోడ్డు పక్క చూస్తాది, ఒక కాలి మిందనుంచి ఇంగో కాలి మిందికి మారుతాది, ఇరిగిన కాలు గడగడా వొణుకుతాంది. యెనక్కి పోవల్లని చూసె, రెండడుగులేసేసరికి కాలు ముడుచుకపోయె. నాలుగు నిమిషాలుండాది. మూడుండాది.

అప్పుడు మద్దిలేటి ఏం జెయ్యల్ల? ఊరికే నిలబడితే చాలు, వాడు గెలిచినట్లే. నిలబడినాడా? నేను వాన్నే చూస్తాండా. వాడూ కాలు కాలు తొక్కుకుంటాండాడు, పెదిమలు కొరుక్కుంటాండాడు. వానికీ ఐదేండ్లప్పటినుంచి మందలోనే బతుకు గదా. ఉండుండి, "యాడ తప్పినాయొదినా?" అన్నాడు. "ఆ మలుపులో నిమ్మకాయ సోడా బండి కాడ అనుకుంటా రా," అనె. వాడు పంచె ఎగ్గట్టి ఒకటే ఉరుకు! ఈమె కంట పడకుండా జారుకోని, సోడాబండి యెనకాల నీడలో ఆ పొట్టాయనా, ఇంగో టీచరమ్మా కూలబడి ఉండారంట. ఇద్దరినీ చెరొక రెక్కా పట్టుకోని, ఈల కొడతా, అదిలిస్తా తోలుకొచ్చినాడు. వాళ్ళు గీత దాటిరి, వాళ్ళ యెనకాల హనుమక్క దాటె. గడియారం చూస్తే తొమ్మిది దాటి ఒక నిమిషం. బిళ్ళలిచ్చే ఆయన అయిపోయిందమ్మా అని పెట్టె మూసినాడు. మద్దిలేటి రొప్పుతా, "ముందే దాటింటే గెలిచింటివి గదొదినా," అన్నాడు. "మంద బైట ఉండంగా నేను లోపలికి యెట్ల పోతా రా?" అనె. అని, ఆడనే నేల మింద కూలబడి భోరున ఏడిచె. బిళ్ళ కోసరం గాదు, గొర్రెల కోసరం.

సోమారం పొద్దన్నే లారీ వొచ్చె. మాటంటే మాటే గదా. హనుమక్క ముఖం కడుక్కోని, కుంటుకుంటా పోయి, దొడ్డి తడిక తానే తీసి పక్కన నిలబడె. మద్దిలేటి తడిక కాడికి పోయినాడు, గొర్రెలను చూసినాడు, వొదిన కాలు చూసినాడు. ఉబ్బి రోకలిబండ మాదిరుంది. చూసి, తడిక మళ్ళా మూసేసినాడు. లారీ ఆయనకు కోపమొచ్చి, ఏమప్పా, మంద ఎక్కిస్తానని మాటిస్తివి గదా అన్నాడు. "ఔను, ఇచ్చినా. నేనిచ్చింది మాట, మంద గాదు. కావల్లంటే ఆ మాటనెక్కించుకోని పో!" అన్నాడు మద్దిలేటి.

అదీ జరిగింది. ఇప్పటికీ మావూళ్ళో మాట తప్పినోడు అంటే మద్దిలేటే, రచ్చకట్ట కాడ పిల్లోళ్ళు గూడా యెగతాళి జేస్తారు. జెయ్యనీ. మాట తప్పినోళ్ళను నేను శానామందిని చూసినా, అందురూ సొంత కడుపు కోసరం తప్పినోళ్ళే. గెల్చి మాట తప్పినోన్ని వీన్నొకన్నే చూసినా.