మాట నాది, వరస శేషన్నది

శేషన్న పేరెత్తితే సుంకన్నకు కడుపు మండుతుంది. అట్లాంటిది ఆ శేషన్న చెల్లెలు భీమక్కే, అన్న హార్మోనియం మోసుకొని వేంపల్లె నుంచి కోసిగికి వచ్చి, సుంకన్న అరుగు మీద దించింది.

"శేషన్న నన్ను నిలువునా ముంచినాడు భీమక్కా! ఐదు నాటకాలు, అరవై రెండు పాటలు. మాట నాది, వరస ఆయప్పది. కర్నూలు రాజధానిగా ఉన్నన్నాళ్లు డేరాల్లో ఆపీసర్లు పొట్టలు పట్టుకొని నగినారు. యాడికి పాయ అదంతా? ఒక జంఖానా కిందికి పాయ!"

"ఆ జంఖానా మాట ఇంకా ఇడిసిపెట్టవా అన్నా?"

"ఎందుకిడుస్తా? స్టేజీ మింద పరచనీకని నలభై ఐదు రూపాయలు పోసి కొన్యాడు. నన్నొక మాట అడిగినాడా? నా వంతులో ఇరవై రెండున్నర కోసుకున్యాడు."

"దానికి నువ్వు కోర్టుకెక్కితివి."

"ఎక్కితి! ప్లీడరుకు, వాయిదాలకు రెండెకరాల ముప్పై సెంట్లు అమ్ముకుంటి."

"గెలిస్తివి గదా."

"గెలిస్తి. ఇరవై రెండున్నర కట్టినాడు. మాట మాత్రం ఆడల్యా. నాలుగేండ్లు!"

"నువ్వాడితివా?"

"నేనెందుకు... అది సరే, ఈ పెట్టె ఎందుకు తెచ్చినావు?"

"నీకిమ్మన్యాడు. నీ భూమికి బదులంట."

"ఓహో! ఆయప్పకు కాళ్లు ల్యావా? రమ్మను. వచ్చి ఈ అరుగు మిందనే కూచొని వాయించమను. ఆరో నాటకం రాసిపెట్టినా. తాసిల్దారు గాడిద మింద ఊరేగే పాట ఉండాది, వరస ల్యాక అట్లే పడుండాది..."

"అన్నా."

"రమ్మను భీమక్కా. నేనేం తిట్టనులే."

"మన్ను చేసి తొమ్మిది దినాలాయన్నా."

"ఎవర్ని?"

"శేషన్ననే."

"నాకొక కబురన్నా పంపల్యా?"

"ఎల్లుండి దినాలు. నువ్వొచ్చి మీ పాట ఒకటి పాడాల. నగిచ్చేదే పాడు. ఏడుపు పాటలంటే ఆయప్పకు పడదు గదా."

"వరస యాడుండాది తల్లీ? నేను మాటలు రాసి చేతిలో పెడుతుంటి, అంతే. నాకు రాగం పట్టుబడదు. యాడన్నా రాసిపెట్టు శేషా అంటే, నా వేళ్లకు తెలుసులేరా అంటాండె."

"పాడినోళ్లు?"

"కూలికి వలసపోయి తలా ఒక దిక్కయిరి."

"ఈ పెట్టె మెట్లు నొక్కి చూడన్నా, గ్యాపకమొస్తాదేమో."

"నొక్కితే సద్దొస్తాది భీమక్కా. పాట రాదు."

"మరి ఇంటికాడ శేషన్న పెండ్లానికి, మా వదినకేం చెప్పల్ల? నీ భూమి లెక్క తీరినట్టేనా?"

"భూమి ఇడిసిపెట్టినానని చెప్పు. నాకు పోయింది అరవై రెండు పాటలు."