బాటిల్‌నెక్ ఏడుందో రాసిన నాడు

"అమ్మమ్మా, నా ప్రాజెక్టు రిపోర్టుల 'బిగ్ బాటిల్‌నెక్' అని రాస్తే ఎందుకు కొట్టేసినవ్?"

మరి? సీసా మెడ పెద్దగుంటె నీళ్లు గలగల పోతయి గదా బిడ్డా. ఆగేది మెడ సన్నగుంటెనే. పెద్దది అంటె నీ మాట ఉల్టా అయితది.

గీ మాట మీదనే మా పెద్దన్న నాతోని ఏడాది మాట్లాడలే, ఎరుకేనా? వరంగల్ల ఆయనది బట్టల దుకాణం. నువ్వు చూసినవ్... లే, అప్పటికి నువ్వు పుట్టలే. గా బజార్ల పొద్దందాక ఆటోలు, వడ్ల బస్తాల ట్రాలీలు ఇరుక్కపోతుండె. దుకాణపోళ్లంత కలిసి మున్సిపాలిటోళ్లకు ఇంగ్లీషుల అర్జీ రాసిన్రు. నేను ఇంగ్లీషు టీచర్ని గదా, దిద్దుమని అన్ననే తెచ్చిండు. అండ్ల ఏమున్నది? మా బజార్ల ఆటోల బాటిల్‌నెక్ మస్తు పెరిగింది అని.

"అన్నా, ఆటోలు మెడ గాదే. అవి సీసల నీళ్లసొంటియి. మెడ అంటె తొవ్వ ఇరుకైన జాగ. అది ఏడుందో రాయాలె," అన్న.

"ఏడుంది?" అన్నడు.

అడుగుడైతె అడిగిండు గని, ఆయనకే సమజైంది. ఆయన దుకాణం మెట్లు రోడ్డు మీదికుండె. మా నాయిన కట్టించినయి, ఎర్రరాయి... కాదు కాదు, షాబాదు బండలు. ఎదురుంగ కరెంటు స్తంభం. ఆ రెంటి నడుమనే అంత ఆగుతుండె.

"రాయకు చెల్లె," అన్నడు.

"కావాలంటె బాటిల్‌నెక్ అన్న మాటనే తీసేస్త. ఉంచితె సక్కగనే రాస్త."

"నీ ఇష్టం," అని కాయితం ఆడనే వెట్టి పోయిండు. తెల్లారి మిగిలిన దుకాణపోళ్లొచ్చి తీస్కపోయిన్రు. మెట్ల సంగతి అండ్ల అప్పటికే రాసిన.

మున్సిపాలిటోళ్లు స్తంభం జరపలే గని, మెట్లు కొట్టేసిన్రు. ఆటోలు పోవుడు షురువైంది. అన్న మా ఇంటికి వచ్చుడు బందు. వదిన ఫోన్ జేసి "నీకు అన్నకంటె ఇంగ్లీషే ఎక్కువైందా?" అన్నది. బాధైతె అయింది. దిద్దింది తప్పని మాత్రం అనిపియ్యలే.

ఏడాదికి రాఖీ పున్నమ నాడు నేనే పోయిన. దుకాణం ముంగట మెట్ల జాగల ఒక స్టూలు ఏసిన్రు. కాలు పెడితె కదులుతాంది. కింద నిలవడ్డ. అన్న చీరె మడతవెట్టుకుంట జరసేపు చూడనట్టే ఉన్నడు. ఎనుకంగ ఆటో హారన్ కొట్టింది. ఇగ లేచొచ్చి చెయ్యిచ్చిండు.

"పట్టుకో, పడతవ్."

పట్టుకోని ఎక్కిన. ఆ చేతికే రాఖీ కట్టిన.

ఇగ నువ్వు రాసుకో. సల్లగుండు బిడ్డా, చదువు మంచిగ సాగాలె నీది...