ట్రిబ్యూన్ ఇంటి తలుపు

రోమ్ నగరం. అవెంటైన్ గుట్ట మీద, సామాన్య జనం ఎన్నుకున్న ట్రిబ్యూన్ నుమేరియస్ ఇల్లు. మధ్యాహ్నం. అతనూ, భార్య తీతీనియా.

“తలుపెవరు మూశారు తీతీనియా?”

“మీరెప్పుడొచ్చారు?”

“ఇప్పుడే. పెరటి గుమ్మంలోంచి. అడిగింది చెప్పు, ఎవరు మూశారు?”

“ఎండగా ఉందని...”

“ఎండా? ట్రిబ్యూన్ ఇంటి తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. ఏ దిక్కూ లేనివాడు ఏ వేళ పరిగెత్తుకొచ్చినా లోపలికి రాగలగాలి. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి.”

“కుమ్మరి ఓపితర్‌కీ తెలుసు. అందుకేగా వచ్చాడు.”

“ఓపితరా? ఎప్పుడు?”

“మీకు వినపడలేదూ?”

“నదిగట్టున ఉన్నవాడికి ఎలా వినపడుతుంది?”

“వీధి వీధంతా వినపడింది. మొన్ననేగా యుద్ధం నుంచి కుంటుకుంటూ వచ్చాడు. మళ్ళీ పటాలంలోకి రమ్మన్నారట. రానన్నాడు. ఊరినేలే కాన్సల్ భటులు బెత్తాల కట్టలు పట్టుకుని తరుముతుంటే ‘ట్రిబ్యూనా, కాపాడు’ అంటూ వచ్చి మన తలుపు బాదాడు. మన గుమ్మంలోనే పట్టేసుకున్నారు.”

“కొట్టారా?”

“ఇంకా లేదు. ఊరి నడిమి ఫోరంలో గుంజకి కట్టారు. పటాలానికి పేర్ల పిలుపులు పూర్తయ్యాక కాన్సల్ ఎదుట కొడతారట. వేళ మించిపోలేదు. మీరు వెళ్ళి వాడి భుజమ్మీద చెయ్యేస్తే చాలు, కాన్సల్ కూడా ఏం చెయ్యలేడు.”

“ఆ సంగతి నాకు తెలీదా?”

“మరి వెళ్ళండి. ఇదిగో టోగా, చుట్టుకోండి.”

“వెళ్తా. వెళ్తానన్నానుగా. తొందరపెట్టకు.”

“వాడి పెళ్ళాం సీయా ఇంకా మన గుమ్మం బయటే కూర్చుంది.”

“సీయానా? లోపలికి పిలవలేదా?”

“ఏ మొహం పెట్టుకుని పిలవను?”

“నీకు తెలీదు తీతీనియా. పోయినేడు కాన్సల్‌లకి ఎదురు తిరిగిన ఒక ట్రిబ్యూన్ రాత్రి శుభ్రంగా భోంచేసి పడుకున్నాడు. తెల్లారేసరికి మంచంలో శవం. ఒంటిమీద గాయం లేదు. ఎవరి పనో అడిగిన నాథుడు లేడు.”

“మీ మీద చెయ్యి వేసినవాడి తల తీస్తామని జనమంతా ప్రమాణం చేశారు కదండీ.”

“తీస్తారు. నేను పోయాక తీస్తారు. రాజులున్న రోజుల్లో ఒక్కడికి భయపడితే సరిపోయేదట. ఇప్పుడేమో ఏడాదికిద్దరు కాన్సల్‌లు.”

“భయమైతే భయమని చెప్పండి.”

“భయమని ఎవడన్నాడు? నేనింట్లో ఉండుంటే చూసేదానివి!”

“ఊఁ.”

“ఏమిటా ఊఁ?”

“ఏం లేదు. నడుం దగ్గర మడత సరిగ్గా పడలేదు, ఇటు తిరగండి.”

“మడతలు తర్వాత. నేనక్కడికి వెళ్తే ముందు అడిగేది తలుపు సంగతే. వాకిలి దగ్గరుండే ముసలాడే కదూ మూసింది? వాడి తోలు వలుస్తాను.”

“పాపం, వాణ్ణేమీ అనకండి.”

“వాడు కాకపోతే ఎవరు? పేరు చెప్పు. చెబితేగానీ ఇక్కణ్ణుంచి కదలను.”

“అక్కడ వాణ్ణి కట్టేసి...”

“పేరు!”

“నేనే.”

“నువ్వా?”

“నేనే మూశాను. గడియ కూడా పెట్టాను.”

“ఎంత పని చేశావ్! నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించినవాడు వాడు. వాడి మొహాన తలుపేస్తావా? ఇక నేను నలుగురిలో తలెత్తుకోగలనా? నా పేరు, నా పదవి, నా ప్రమాణం, అన్నీ మంట్లో...”

“మెల్లిగా. సీయా వింటుంది.”

“విననీ! ఊరంతా విననీ! నా పెళ్ళామే నా పరువు తీసిందని తెలియనీ! చెప్పు, ఎందుకు మూశావ్?”

“ధాన్యం జాడీల వెనక చెవులు మూసుకుని కూర్చున్న మిమ్మల్ని ఓపితర్ చూడకూడదని.”