పాత తుపాకీకి కొత్త స్ప్రింగు

పెరటి వైపు సామాన్ల గది. బల్ల మీద విప్పేసిన పాత ఎయిర్ గన్. అక్కా, తమ్ముడూ. గోడకవతల గదిలో మంచం మీద అమ్మ.

"మెల్లగా కొట్టరా బాబూ! ఆ సుత్తి చప్పుడు అమ్మ చెవిన పడితే కొంప మునుగుతుంది."

"సుత్తి లేకపోతే ఈ పిన్ను ఎలా దిగుతుందక్కా? నా గోళ్ళు ఊడొస్తున్నాయి చూడు."

"గోళ్ళు మళ్ళీ వస్తాయి. అమ్మ రాదు."

"అలా అనకు."

"డాక్టరు ఏమన్నాడు? గుండె కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, పెద్ద మాట ఏదీ చెప్పొద్దు అన్నాడా లేదా? నాన్న పోయాడని తెలిస్తే ఈ పూట దాటుతుందా ఆవిడ?"

"అందుకని పోయిన మనిషికి జ్వరం తెప్పించావు. జ్వరం, పైగా గొంతు పోయింది, దగ్గరకొస్తే నీకూ అంటుకుంటుంది... ఎక్కడ దొరికాయే నీకు అన్ని అబద్ధాలు?"

"ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే 'ఆయనేరీ' అంది. నోటికొచ్చింది చెప్పాను. నువ్వేం చేశావు? గుడ్లప్పగించి నిలబడ్డావు!"

"గొంతు పోతే పోయింది, తుపాకీతో చెప్పమను అంటుందని నేనేమన్నా కలగన్నానా?"

"ఉష్! పిలుస్తోంది."

"ఏమే! మీ నాన్న ఇంకా లేవలేదా?"

"లేచాడమ్మా! తుపాకీ తుడుచుకుంటున్నాడు!"

"పొద్దుటి నుంచీ తుడవడమేనా? అలిగి మాటలు మానేసినప్పుడు ఏం చేసేవారు? నేను వంటింట్లోంచి 'అన్నం పెట్టనా' అంటే పెరట్లో ఒక దెబ్బ కొడితే అవును, రెండు కొడితే వద్దు. ఇప్పుడు నేనేమీ అడగనని చెప్పు. ఉన్నానని ఒక్క దెబ్బ కొట్టమను, చాలు. నా మనసు కుదుటపడుతుంది."

"చెప్తానమ్మా! నువ్వు పడుకో!"

"విన్నావా అక్కా? ఉన్నానని, అంట."

"విన్నాను. ఆ స్ప్రింగు ఇటివ్వు. పోనీ పాతదే పెట్టెయ్."

"పాతది రెండు ముక్కలైంది. అందుకేగా నాన్న కొత్తది తెచ్చి అంతా విప్పి కూర్చున్నాడు. అమ్మ ఇంటికొచ్చేసరికి దీన్ని పలికిస్తానన్నాడు. విప్పాడు, బిగించకుండా వెళ్ళిపోయాడు. ఏది ముందో ఏది వెనకో ఆయనకే తెలుసు. నాకు ఆయన మీద కోపం వస్తోందక్కా. నిజంగా. బిగించి పోవచ్చుగా!"

"ఏడవకు. చెయ్యి జారితే స్ప్రింగు ఎగిరిపోతుంది. పట్టు."

"కొత్తది రెండు వేళ్ళు పొడుగుంది. గట్టిగా నొక్కితే గానీ వెనక మూత పట్టదు. నీ బరువంతా వెయ్యి."

"వేశాను."

"ఇంకా!"

"ఇంతకన్నా లేదు నాకు బరువు! తిప్పు, మూత తిప్పు!"

"పట్టింది... మర పట్టింది... అయ్యో, స్ప్రింగు ఎగిరింది!"

"ఎక్కడ పడింది?"

"బీరువా కింద. ఉండు, తీస్తా."

"ఏమిటర్రా ఆ చప్పుడు?"

"ఏం లేదమ్మా! చెంబు పడింది!"

"ఈసారి గుడ్డ చుట్టి పట్టుకో. అదీ. నొక్కు. నొక్కు నొక్కు నొక్కు. పట్టింది! పిన్ను కూడా దిగింది. లివరు లాగుతున్నా... నిలిచింది."

"ఒక గుండు వేసి ఆ గోనెసంచి మీద కొట్టి చూడు."

"కొడుతున్నా."

"తుస్సుమంటుందేంట్రా? గుండేదీ?"

"గొట్టంలోంచి జారి నా కాలి మీద పడింది. లోపల గాలి నిలవడం లేదు. గాలిని ఆపాల్సిన వాషరు పట్టడం లేదు."

"వాషరు కూడా కొత్తదేగా!"

"కొత్తదే. తోలు వాషరు, అట్టలా బిగుసుకుపోయింది. నూనెలో నానబెట్టాలనుకుంటా."

"ఎంతసేపు?"

"నాన్ననడుగు."

"ఒరేయ్!"

"మరి ఎవర్నడగను? నా వల్ల కాదక్కా. వెళ్ళి చెప్పేద్దాం. కాళ్ళు పట్టుకుని చెప్పేద్దాం."

"చెప్పి? ఇద్దర్నీ మోస్తావా? నాకింక ఓపిక లేదురా. ఒక్కర్ని పంపించడానికే నా ఓపికంతా అయిపోయింది. విప్పు. ఇదిగో కుట్టుమిషను నూనె."

"వాషరు మీద పొయ్యక్కా."

"చాలా?"

"ఇంకాస్త. నువ్వు వేళ్ళతో నలుపు."

"అలాగే. మెత్తబడుతోంది. గొట్టంలో పెట్టి చూడు, బిగువుగా వెళ్తోందా?"

"వెళ్తోంది. ముక్కుతూ మూలుగుతూ వెళ్తోంది, నాన్న మెట్లెక్కినట్టు."

"నవ్వించకు. మూత బిగించు. నాన్న గురి చూసి కొట్టే రేకు డబ్బా ఎక్కడ పెట్టావు?"

"పెరటి గోడ మీద. ఆయన పెట్టే చోటే."

"అంత దూరమా! దగ్గరికి జరుపు. తప్పిందంటే అమ్మ నమ్మదు. నాన్న గురి ఎలాంటిది! ఈ డబ్బా మీద సొట్ట లేని చోటుందా?"

"ఆయన కొట్టడం మనమెప్పుడు చూశాం? గుండు ఎగిరి కంట్లో పడుతుందని పెరట్లోకే రానిచ్చేవాడు కాదు."

"అమ్మ చూపించేదిగా. బడి నుంచి రాగానే ఈ డబ్బా తెచ్చి, 'చూడండి మీ నాన్న దెబ్బ' అని మురిసిపోయేది. అందుకే చెప్తున్నా, ఠంగుమని మోగాలి. గొట్టం దానికి ఆనించినంత పని చెయ్యి. కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకున్నా. అక్కా, మళ్ళీ తుస్సుమంటే?"

"అనదు. అనకూడదు. దేవుడా, ఈ ఒక్కసారికి. కొట్టు!"

"మోగింది! అక్కా, మోగింది!"

"అరవకురా వెర్రివాడా! అమ్మా! విన్నావా?"

"విన్నాను."

"నాన్నేనమ్మా! ఒకే ఒక్క దెబ్బ!"

"డబ్బాకే తగిలిందా?"

"తగలక! నాన్న గురంటే మాటలా!"

"ఆ తుపాకీ అక్కడ పెట్టి ఇద్దరూ ఇలా రండి. మీ నాన్న ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆ డబ్బాని కొట్టి ఎరగరు. గుండు ఎప్పుడూ గోడకే. ఆ సొట్టలు నేను సుత్తితో వేసినవి, మీ దగ్గర ఆయన చిన్నబోకూడదని. రండి, నా పక్కన కూర్చోండి. భయపడకండి, నేనెక్కడికీ పోను. ఆయన ఎప్పుడు పోయారో చెప్పండి."