గీతలు చెరిగిన బోల్టులు

హలో… ఆ, నేనే. ఇంకెవరుంటారు అన్నయ్యా నీ షెడ్డులో?

…

లేదు, కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ముందు చక్రాలు బిగించలేదు… బిగించను కూడా!

అబ్బ, అరవకు… కారు ఓనరు ఐదింటికి వస్తాడనీ తెలుసు, పాతకార్ల ప్రదర్శన రేపేననీ తెలుసు. బండి ముద్దొస్తోంది, పెయింటులో మొహం కనపడుతోంది… కాదన్నానా? వేసింది నేనేగా!

ఒక్కటే చెప్పు. నిన్న నేను లేనప్పుడు ఈ బోల్టులన్నీ మిషను మీద పాలిష్ పట్టిందెవరు?

…

నువ్వేనని తెలుసులే. నీ నోటంట విందామని.

మెరుస్తున్నాయా? మెరవక చస్తాయా! మరి తలల మీద గీతలేవి? ఆరు గీతలుంటే గట్టిది, అసలు లేకపోతే మామూలుది… నాకు నేర్పిందే నువ్వు కదా! అన్నిటికీ నున్నగా గుండు కొట్టించి, కలగాపులగంగా ఒకే డబ్బాలో పోశావు.

…సైజు చూసి పోల్చుకోవాలా? భలేవాడివే! తలుపు బిగించేదీ, స్టీరింగు పట్టి ఉంచేదీ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

…బజారు నుంచి తెచ్చుకోవాలా? అక్కడ దొరికేవి ఈ పాతకాలపు మరచుట్లకి పట్టవన్నయ్యా. సరిపడేవి ఆర్డరు చెప్పా, ఎల్లుండి వస్తాయి.

…

ఏంటీ? బొమ్మలా నిలబెట్టే కారుకి ఇంత రాద్ధాంతమా? లారీ ఎక్కించి తీసుకెళ్లమను, నోరెత్తను. స్వయంగా నడుపుకుంటూ వెళ్తాడట, వెనక సీట్లో మనవలట! వంతెన దిగుతుంటే స్టీరింగు ఊడి చేతికొస్తే?

…

రేపట్నుంచి రావద్దా? సరే, రాను. నా స్పానర్లు నేను పట్టుకుపోతా. ఈ బెదిరింపులకి జడిసేదాన్నయితే నీ దగ్గర పదిహేనేళ్లు పనిచేసేదాన్నా?

…నువ్వే వచ్చి బిగిస్తావా? రా, డబ్బా బల్ల మీదే పెట్టా. నలభై రెండున్నాయి. స్టీరింగువి నాలుగు ఏరు, బిగించు. మొదట నువ్వే నడుపు, పక్కన నేను కూర్చుంటా. ఆ వంతెన దాకా పోయొద్దాం.

…

బయల్దేరుతున్నావా మరి?

…

ఏంటన్నయ్యా, ఆ బండి ఎక్కవా?

…

అదీ! ఆ మాత్రం భయముంటే చాలు నాకు.

…బండి రేపటికి కాదని ఓనరుకి నువ్వు చెప్తావా? వద్దులే, నీకు మొహమాటమెక్కువ. నేనే చెప్తా… తిట్టనీ. తిట్లకి చచ్చినవాళ్లెవరూ లేరు.

ఏంటీ, రేపొస్తావా అనా? రావద్దన్నావుగా ఇందాక! …తాళం నా దగ్గరే ఉంది. తొమ్మిదింటికి తెరుస్తా. నువ్వూ వేళకి రా. ఆ డబ్బా నీ చేత్తోనే తుక్కులో పోయాలి.

ఆ… గేటు చప్పుడైంది. ఓనరే. మనవల్ని కూడా తీసుకొచ్చాడు… పెట్టేస్తున్నా.